మేస్త్రీ బల్ల మీది సీసా

జూన్ 6

ఒరే తమ్ముడూ,

బస్సు డిపోలో గాలి కొట్టే మర పక్కన ముప్ఫై ఏళ్ళు టైర్లు విప్పి నీ చెవులు పోగొట్టుకున్నావు. ఫోను చేస్తే నేనొకటి అంటాను, నువ్వొకటి వింటావు, ఆ అరుపులకి చుట్టుపక్కల వాళ్ళంతా మన సంసారాలు వింటారు. అందుకని రాయక తప్పడం లేదు. అక్షరాలు వంకరపోతే నవ్వకు. పెన్ను పట్టుకుంటే బొటనవేలి మొదట్లో ఎవరో సూది దించినట్టుంది.

పొద్దున లేచేసరికి వేళ్ళు ముడుచుకుని ఉంటున్నాయి. గోరువెచ్చని నీళ్ళలో పెట్టి ఒక్కొక్కటీ విప్పుకోవాలి. కణుపులు వాచాయి. ఉంగరం తీద్దామంటే రాదు. నర్సరీలో పోయిన ఏడాది దాకా రోజుకు మూడు వందల గులాబి అంట్లు కట్టేదాన్ని. మొక్క కాండం మీద కత్తితో చిన్న గాటు పెట్టి, మంచి కొమ్మ నుంచి తీసిన మొగ్గ అందులో దూర్చి, గాలి చొరకుండా పట్టీ చుట్టాలి. గాటుకీ మొగ్గకీ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా మొగ్గ ఎండిపోతుంది. ఇప్పుడు రెండు వందలు దాటితే కత్తి జారుతోంది.

మొన్న మేస్త్రీ వచ్చి, "పెద్దమ్మా, ఇక సంచుల్లో మట్టి నింపే వైపు కూర్చోరాదూ, తేలిగ్గా ఉంటుంది" అన్నాడు. ఆ వైపు వెళ్ళినవాళ్ళు ఎవరూ అంటు బల్ల దగ్గరికి తిరిగి రాలేదు. కిటికీ పక్కన మొదటి పీట ఇరవై రెండేళ్ళుగా నాది. నేను కదలను.

నీ మోకాలికి డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర వేసుకున్నాక మెట్లు చకచకా ఎక్కుతున్నావని మరదలు చెప్పింది. ఇద్దరం ఒక్క తల్లి బిడ్డలం, ఒక్క తీరు ఎముకలు. నీకు పనిచేసింది నాకెందుకు పనిచేయదు? రెండు షీట్లు పంపు.

మీ బావ బాగున్నాడు. ఆయనకు ఏ కీలు నొప్పీ లేదు. వాడితేగా.

వేళ్ళు ఒప్పుకున్నంత మేర రాసిన
నీ అక్క


జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం చేరింది. నా షీట్లలోంచి రెండు ఇందులో పెట్టాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత వేసుకో. మూడో రోజుకల్లా తేడా తెలుస్తుంది. నేను రెండో అంతస్తులో ఉన్న సామాన్ల గదికి రోజుకు పదిసార్లు ఎక్కి దిగుతున్నాను. నిన్న ఒక కుర్ర మెకానిక్ "బాబాయ్, లిఫ్టు మింగావా?" అన్నాడు.

ఒక మాట చెబితే కోప్పడకు. నీకు యాభై ఎనిమిది వచ్చాయి. ఆ పని మానెయ్యి. ఇక్కడ నిన్నెరిగిన వాళ్ళు "మీ అక్క ఇంకా పనికి వెళ్తోందా?" అని అడుగుతున్నారు. నాకు ఏం చెప్పాలో తోచడం లేదు. నా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, కిటికీ కూడా ఉంది. అందులో కూర్చుని ఎంతసేపైనా బయటికి చూడొచ్చు.

బావకు నమస్కారం చెప్పు.

తమ్ముడు


జూలై 2

తమ్ముడూ,

నీ మాత్ర చెయ్యి విప్పేసింది. అయిదో రోజున రెండు వందల ఎనభై కట్టాను. మేస్త్రీ నా బుట్ట రెండుసార్లు లెక్కపెట్టుకుని పక్క పీటకి జరిగాడు. ఇంకో నాలుగు షీట్లు పంపు.

ఇప్పుడు నీ ఉత్తరంలో రెండో భాగానికి జవాబు. అక్క కూలి చేస్తోందని నీకు అంత నామోషీగా ఉంటే, అడిగినవాళ్ళకి నాకు అక్కే లేదని చెప్పు. నాకు కిటికీ కావాలని ఎవరేడ్చారు? నాకు కావలసింది కిటికీ పక్కన ఉన్న పీట. మీ ఇంట్లో కూర్చుని రోడ్డు మీద పోయే బస్సులు లెక్కపెట్టడానికి నేను నీ డిపో ఉద్యోగినా?

ఇక్కడ అందరికీ నొప్పులే. అందుకే మేస్త్రీ బల్ల మీద ఒక సీసా ఉంటుంది, తెల్ల మాత్రలు విడిగా పోసి. పది గంటలకి మూత మీద టకటక కొట్టుకుంటూ వరస వెంబడి వస్తాడు. అందరూ చేతులు చాపుతారు. తనూ ఒకటి వేసుకుంటాడు, నడుము కోసం. నేనూ చాపుతాను. చాపకపోతే, "ఓహో, చేతులు బాగయ్యాయా? అయితే మూడు వందల యాభై కట్టు" అంటాడు. నొప్పి లేదని చెప్పుకోలేను, ఉందని ఒప్పుకోలేను. మింగి ఊరుకుంటున్నాను.

పని అయిదున్నరకే మొదలు. అంత పొద్దున ఏం తింటాం? టీతో నీ మాత్ర వేసుకుని పోతున్నాను. కడుపులో కొంచెం మంట ఉంది, చన్నీళ్ళు తాగితే తగ్గుతోంది. పాదాలు కాస్త ఉబ్బాయి. కూర్చునే పని కదా. బీపీ మాత్ర, దానితో ఇచ్చిన, ఒంట్లో నీరు పోయే మాత్ర మామూలుగానే వేసుకుంటున్నాను, నాకు మందుల మీద నిర్లక్ష్యం లేదు.

షీట్లు మరిచిపోకు.

కోపంగా ఉన్నా రాసిన
అక్క


జూలై 12

అక్కా,

ఆ మాత్రలు ఇక వేసుకోకు. నేను ఇక పంపను. మొన్న పంపిన రెండు షీట్లు అందితే అవీ పక్కన పెట్టు. ఆస్పత్రి నుంచి వస్తూ పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను, మూసేస్తున్నారు. సంగతి తర్వాత రాస్తాను.

తమ్ముడు


జూలై 20

తమ్ముడికి,

కార్డు అందింది. అర్థమైంది. రమ్మన్నావు, రానన్నాను, అందుకని ఇచ్చింది లాక్కుంటున్నావు. చిన్నప్పుడు బొంగరం కూడా ఇలాగే లాక్కునేవాడివి.

పంపకు. నీ దయ లేకపోయినా నా చేతులు ఆడతాయి. సీసాలోవి రోజుకు రెండు తీసుకుంటున్నాను, అడిగితే మేస్త్రీ కాదనడు. నువ్వు పంపినవి ఇంకా పన్నెండు ఉన్నాయి, అవీ వేసుకుంటాను. పారేయడం నాకు చేతకాదు.

ఈ మధ్య అన్నం చూస్తే వికారంగా ఉంటోంది, బహుశా ఎండ వల్ల. రెండు వందల డెబ్బై తగ్గకుండా కడుతున్నాను. ఈ మాట నీ డిపోలో అడిగేవాళ్ళకి చెప్పు.

అక్క


జూలై 27

అక్కా,

నువ్వు ఇంకా వేసుకుంటున్నావని నిన్ననే చదివాను, అందుకే ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. మీ నర్సరీ మొక్కలు తెచ్చిన లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. నీ చేతిలోనే పెట్టమన్నాను. చదివేదాకా పక్కనే నిలబడమని కూడా చెప్పాను. మొదట తిట్టుకో, తర్వాత చివరిదాకా చదువు.

నేను మాత్రల కోసం ముందుగానే వెళ్ళాను. డాక్టరమ్మ చీటీ చూసి, "ఇంకో ఇరవై రోజులకి సరిపడా ఉండాలే, ఏమయ్యాయి?" అంది. మా అక్కకి పంపానన్నాను. గొప్పగానే చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మీ అక్కకి బీపీ ఉందా? కడుపులో మంట ఉందా? ఇంకే మాత్రలు వేసుకుంటుంది? ఎవరైనా చూశారా ఆవిడని?" అని వరసగా అడిగింది. నీ ఉత్తరంలో చదివిందంతా చెప్పాను. "మీ మోకాలిని చూసి రాసిన మందు అది. ఆవిడ కడుపు, ఆవిడ మూత్రపిండాలు నేను చూడలేదు కదా" అంది.

ఇప్పుడు నేను ఒప్పుకోవలసింది ఒకటుంది. నాకు రాసింది ఒక్క మందు కాదు. పొద్దున్నే పరగడుపున వేసుకోమని ఒక చిన్న మాత్ర కూడా రాసింది, నొప్పి మాత్ర పేగుని పుండు చెయ్యకుండా. నాకు గ్యాస్ లేదు, ఇదెందుకులే అని నేను అది కొనలేదు. నేను వేసుకోనిది నీకేం చెబుతాను? చెప్పలేదు. అంతకన్నా దాచానంటే సరిగ్గా ఉంటుంది. రక్తం పరీక్ష చెయ్యమన్నా రెండు నెలలు వాయిదా వేశాను. ఇప్పుడు చేశారు. నా మూత్రపిండాలు కొంచెం మందగించాయి. రాత్రి మాత్ర తీసేసింది. పొద్దుటిది ఇంకో రెండు వారాలు మాత్రమే, అదీ తిన్నాక, చిన్న మాత్రతో కలిపి. తర్వాత మళ్ళీ పరీక్ష.

ఆవిడ చెప్పినవి రాస్తున్నాను. ఆ నొప్పి మాత్ర వాపు తగ్గిస్తుంది కానీ అరిగిన కీలుని తిరిగి తేదు. ఖాళీ కడుపుతో వేస్తే పేగు పుండవుతుంది. ఒక్కోసారి తిన్నాక వేసుకున్నా అవుతుంది. బీపీ మాత్ర, నీళ్ళ మాత్ర వేసుకునేవాళ్ళకి బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలకి దెబ్బ. పాదాల వాపు కూర్చోవడం వల్లే అనుకోవద్దంది. ఒకే జాతి మందు రెండు పేర్లతో రెండు చోట్ల నుంచి తీసుకుంటే రెట్టింపు విషమంది. ఆ సీసాలో ఏముందో తెలియాలంది. బీపీ మాత్ర మాత్రం ఆపవద్దంది.

అక్కా, సిగ్గుపడకుండా చూసుకో. విరేచనం తారులా నల్లగా వస్తోందా? వాంతిలో కాఫీ పొడిలాంటిది కనబడిందా? కళ్ళు తిరుగుతున్నాయా? ఒక్కటి ఉన్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలట, మర్నాటికి కూడా ఆగకూడదట.

నామోషీ మాట నేను అనలేదు. అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో తెలియలేదన్నది, నా అక్క అంత పని చేస్తుంటే నేను సామాన్ల గదిలో కూర్చుంటున్నానే అని. నాకు రాయడం రాదు, అంతే.

తమ్ముడు


ఆగస్టు 19

తమ్ముడూ,

బతికే ఉన్నాను. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చాను. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఎవరి రక్తమో తెలియదు గానీ కోపం మాత్రం ఏమీ తగ్గలేదు.

లారీ డ్రైవరు నర్సరీ గేటు దగ్గర ఉత్తరం చేతికిచ్చి, నిజంగానే పక్కన నిలబడ్డాడు. "చదివాకే పొమ్మన్నారండి" అన్నాడు. నిలబడే చదివాను. నల్లగా అన్న మాట దగ్గర ఆగాను. అప్పటికి మూడు రోజుల నుంచి అలాగే వస్తోంది. మీ బావకి కూడా చెప్పలేదు, ఏమని చెబుతాను?

లోపలికి వచ్చేసరికి పది అయింది. మేస్త్రీ మూత మీద కొట్టుకుంటూ వస్తున్నాడు. నా దగ్గరికి రాగానే చెయ్యి చాపి సీసానే పట్టుకున్నాను.

"ఇందులో ఉన్నదాని పేరేంటి?" అన్నాను.

"నొప్పి మాత్ర."

"ముద్దుపేరు అడగలేదు. పెట్టె మీద ఏం రాసుంది?"

"పేరుతో నీకేం పని పెద్దమ్మా, మింగితే పోలా?"

కత్తి మడిచి నడుముకి దోపుకుని, సీసా సంచిలో వేసుకుని లేచాను. బల్ల దగ్గర అందరూ చేతులు ఆపేశారు. "సీసా ఎక్కడికి?" అని అరిచాడు. డాక్టరుకి చూపించి తెస్తానన్నాను. "అది యజమాని సొత్తు!" అన్నాడు. "కడుపు నాది" అన్నాను.

గేటు దాటాక కళ్ళు తిరిగాయి. మట్టి కుప్ప మీద కూర్చుండిపోయాను. ఎవరో పరిగెత్తి మీ బావని పిలిచారు. ఆయన సైకిలు వెనక కూర్చోబెట్టి ఆస్పత్రి దాకా తొక్కాడు. ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన కీళ్ళు కూడా పనిచేస్తాయని ఆ రోజు తెలిసింది.

డాక్టరు కుర్రవాడు. ఒక మాత్ర తీసి దాని మీద అచ్చు చూసి, లావుపాటి పుస్తకంలో వెతికాడు. సంచిలో ఉన్న నీ ఖాళీ షీటు కూడా చూపించాను. నువ్వు పంపినదీ సీసాలోదీ ఒక్క మందేనట. కంపెనీ పేరు వేరు, రంగు వేరు. రోజుకు నాలుగు వేసుకున్నానన్న మాట, అందులో రెండు ఖాళీ కడుపున. "ఇన్నాళ్ళు ఎలా నిలబడ్డావమ్మా?" అన్నాడు. "కూర్చునే పని బాబూ" అన్నాను.

గొంతులోంచి గొట్టం వేసి చూశారు. పేగులో పుండు ఉందన్నారు. దాని కథ రాయను.

మూడో రోజు మేస్త్రీ వచ్చాడు. నడుము పట్టుకుని మంచం పక్కన నిలబడి, "సీసా సంగతి కాగితాల్లో రాయించకమ్మా, నా ఉద్యోగం పోతుంది. నేనూ వేసుకుంటాను కదా, విషమైతే వేసుకుంటానా?" అన్నాడు. అప్పటికే రాసేశారని చెప్పాను. "నువ్వు కూడా వరసలో నిలబడి చూపించుకుని పో" అన్నాను. తిట్టుకుంటూ వెళ్ళాడు. బయట బల్ల మీద చీటీ పట్టుకుని కూర్చున్నాడని నర్సు చెప్పింది.

తప్పు నీ ఒక్కడిదే కాదు. ఒక్క తల్లి బిడ్డలమన్నది నేను. నువ్వు పొద్దున్నే ఆ చిన్న మాత్ర వేసుకుంటున్నావా లేదా? వేసుకోకపోతే నేనే వచ్చి నోట్లో వేస్తాను.

అక్క


ఆగస్టు 29

అక్కా,

నీ ఉత్తరం చదివి సామాన్ల గదిలో తలుపు వేసుకుని కాసేపు కూర్చున్నాను. బయట టైర్లు కావాలని అరుస్తున్నారట, నాకెలాగూ వినపడదు.

చిన్న మాత్ర వేసుకుంటున్నాను. మీ మరదలు కళ్ళ ముందే. పెద్ద మాత్ర పదిహేను రోజులకే ఆపించింది డాక్టరమ్మ. ఇప్పుడు మోకాలు కొంచెం నొప్పిగానే ఉంది. మెట్లు మెల్లగా ఎక్కుతున్నాను, రోజూ కుర్చీలో కూర్చుని కాలు చాపి ఎత్తమంది, ఎత్తుతున్నాను. ఆ కుర్ర మెకానిక్ "లిఫ్టు చెడిపోయిందా బాబాయ్" అంటున్నాడు.

ఇక పని మానేస్తావు కదా? ఈసారి నేను అనడం లేదు, నీ పేగు అంటోంది. వచ్చే నెల నేను వచ్చి తీసుకొస్తాను. గదికి సున్నం వేయించాను.

తమ్ముడు


అక్టోబరు 11

తమ్ముడూ,

సున్నం వేయించిన గదిలో మీ ఆవిడ కుట్టు మిషను పెట్టుకోమను. నేను రావడం లేదు. ఇప్పటికి మూడు వారాలుగా పనిలోకి వెళ్తున్నాను. కంగారుపడకుండా చదువు.

డాక్టరు నాతో ఖరాఖండీగా చెప్పాడు. ఆ జాతి మాత్ర ఇక నాకు వద్దు, ఎవరిచ్చినా, ఏ పేరుతో ఇచ్చినా. ఎక్కడ మందు కొన్నా, ఎవరికి చూపించుకున్నా పేగులో రక్తం పోయిందని ముందు చెప్పాలి. మా బల్ల దగ్గర కూడా చెప్పేశాను, కావాలని గట్టిగా. నొప్పి ఎక్కువైతే జ్వరానికి వేసుకునే మామూలు మాత్ర, రోజుకి ఆయన చెప్పినన్ని, అంతకు మించి ఒక్కటీ లేదు. నీళ్ళ మాత్ర మార్చాడు. పైన రాసుకునే మందు అడిగితే పుండు పూర్తిగా మానాక చూద్దామన్నాడు. బొటనవేలికి పట్టీ బిగించి ఇచ్చారు. కత్తి పిడికి మీ బావ గుడ్డ చుట్టి లావు చేశాడు, సన్నటి పిడి పట్టుకోవడంలోనే సగం నొప్పి ఉందట. అరగంటకోసారి చెయ్యి వదిలేసి చాపుకోవాలి. ఇవన్నీ చేసినా నొప్పి ఉంటుంది. ఉండదని ఆయన అబద్ధం చెప్పలేదు, అందుకే నమ్మాను.

వెళ్ళేసరికి నా పీట మీద వేరే అమ్మాయి ఉంది. నన్ను చూసి లేవబోయింది. "కూర్చో, నీ తప్పేముంది?" అని పక్కనే ఉన్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. మేస్త్రీ వచ్చి మట్టి వైపు చెయ్యి చూపించాడు. నేను కత్తి తీశాను. మొదటి మొక్క దగ్గరికి లాక్కున్నాను. అతనికి కూడా ఆ మాత్ర ఆపించారు. నడుముకి బెల్టు కట్టుకుని కర్రలా నడుస్తున్నాడు. బల్ల మీద సీసా లేదు. రెండో రోజు ఒకావిడ "పది గంటల మాత్రేది?" అని అడిగితే, "మీ డాక్టర్లనే అడుక్కోండి, నాకెందుకొచ్చిన గొడవ!" అని విరుచుకుపడ్డాడు. ఆవిడ నిజంగానే వెళ్ళి అడిగింది. ఆవిడకి పరీక్షలన్నీ చేసి, బీపీ లేదు, పుండు లేదు అని చూసి, పదిరోజులకి మాత్ర రాశారు, తిన్నాక వేసుకోమని. అదే జాతి మందు. ఆవిడకి పనికొచ్చింది, నాకు పనికిరాదు. ఈ సంగతి మన బుర్రలకి ఎక్కడానికి రెండు సీసాల రక్తం కావలసొచ్చింది.

మందు లేక బల్ల మొత్తం లెక్క పడిపోయింది. నిన్న యజమాని వచ్చాడు. అందరి బుట్టలూ చూసి నా దగ్గర ఆగాడు.

"నువ్వే కదూ సీసా పట్టుకుపోయింది?"

"నేనే. తిరిగి తెద్దామంటే ఆస్పత్రి వాళ్ళు ఉంచేసుకున్నారు."

"రోజుకి ఎన్ని కడుతున్నావిప్పుడు?"

"నూట ఇరవై. చెయ్యి ఆగమన్న చోట ఆగుతాను."

"మూడు వందలు కట్టేవాళ్ళు దొరుకుతుంటే నిన్నెందుకు ఉంచుకోవాలి?"

"సీసా ఉన్న రోజుల్లో ఆ మూడు వందల్లో ఎన్ని మొగ్గలు ఎండాయో మీ మేస్త్రీనే అడగండి. వేలికి నొప్పి తెలియకపోతే గాటు ఎంత లోతు పడిందో కూడా తెలియదు. నావి చూడండి." అతను వంగి, పోయిన వారం నేను కట్టిన వరస చూశాడు. నూటికి నాలుగే ఎండాయి. ఆ లెక్క నాకు ముందే తెలుసు.

"అయినా నీ ఆరోగ్యానికి ఏదైనా అయితే?" అన్నాడు.

"ఏదైనా అయ్యేది సీసా ఉన్నప్పుడు. మీరు ఉంచుకోనక్కరలేదు బాబూ, నేనే ఉంటున్నాను" అన్నాను.

బల్ల దగ్గర ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. ఉండమనలేదు, పొమ్మనీ అనలేదు. గేటు దాకా వెళ్ళి మేస్త్రీతో ఏదో మాట్లాడాడు. మేస్త్రీ తిరిగి వచ్చి, ఆ అమ్మాయిని రెండో పీటకి జరిపి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. వచ్చే నెల ఏమంటారో నాకు తెలియదు. ఏమన్నా నేను వెళ్ళేది అక్కడికే.

నువ్వు రమ్మన్నందుకు కోపం లేదు. నువ్వే రా, సెలవు పెట్టి. వచ్చేటప్పుడు నీ రక్తం పరీక్ష కాగితం తీసుకురా, నా కళ్ళతో చూడాలి.

ఈ రోజు నూట పదకొండు కట్టాను. నూట పన్నెండోది చేతిలోకి తీసుకుని, బొటనవేలు వద్దంటే మొగ్గ తడిగుడ్డలో పెట్టి లేచి వచ్చేశాను. ఇంకా రాయాల్సింది ఉంది గానీ, అదే వేలు మళ్ళీ వద్దంటోంది. ఇక్కడితో ఆ

నీ అక్క